గుడ్డు కూత

మూడు వారాలుగా ఆ చప్పుడు ఎవరికీ అంతుపట్టలేదు. రోజూ సాయంకాలం ఐదున్నరకు మొదలై, ఏడు దాటాక సన్నగిల్లేది. తెర మీద నలభై ఆరో కిలోమీటరు దగ్గర చిన్న మచ్చలా లేచి, అటూ ఇటూ కిలోమీటరు మేర పరుచుకునేది. లేజరులో లోపమని ఒకరన్నారు. ఎక్కడో ఓడ లంగరు గొలుసు సముద్రం అడుగున ఉన్న తీగకు రాసుకుంటోందని ఇంకొకరన్నారు. పరిశోధన కేంద్రం అధిపతి డాక్టర్ ఇందుశేఖర్ లేజరునే మార్పించారు. కొత్తది పెట్టిన రోజు కూడా సరిగ్గా ఐదున్నరకు ఆ మచ్చ లేచింది.

ఆ రోజు కేంద్రంలో పనిచేసే నూకరత్నం ఆ మచ్చను శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్లలో విన్నది. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విని, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది లోపం కాదు సార్. గొరకలు."

"అంటే?"

"చేపలండి. కడుపులో గాలితిత్తిని ఆడించి కూస్తాయి. గుంపుగా ఉంటే కప్పల బెకబెకలా ఉంటుంది."

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. ఇందుశేఖర్ నవ్వలేదు. ఆయన యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. "నీకెలా తెలుసు?" అని మాత్రం అడిగారు.

రత్నానికి ఎలా తెలియదు? కేంద్రం ఉన్న సరుగుడు తోటకు రెండు మైళ్ళ దూరంలోనే గుల్లవానిపేట. అక్కడి సూరాడ దండాసి కూతురు ఆమె. ఆరేళ్ళ వయసులో తండ్రి ఆమెను తెప్ప మీద తీసుకెళ్ళి, తెడ్డును నిలువుగా నీళ్ళలో దించి, పిడి ఆమె చెవికి ఆనించాడు. కింద లోకమంతా మాట్లాడుతున్నట్టనిపించి ఆ పిల్ల బెదిరి ఏడ్చింది. గుల్లవానిపేటలో తెడ్డుతో చేపను వినగలిగిన వాళ్ళు ఇప్పుడు ముగ్గురే మిగిలారు. వాళ్ళలో దండాసిని మించినవాడు లేడు.

కేంద్రానికి ఉన్న తీగ చేపల కోసం వేసింది కాదు. బంగాళాఖాతం అడుగున, తీరానికి ఓరగా పరుచుకుని వచ్చి ఇసుక కింద నుంచి ఒడ్డెక్కే సమాచార కేబులు అది. అందులో వెంట్రుకంత సన్నని గాజుతీగలు ఎనిమిది జతలు. ఏడు జతల్లో దేశదేశాల మాటలు, ఉత్తరాలు, బొమ్మలు వెలుగై పరుగెడుతుంటాయి. ఖాళీగా ఉన్న ఎనిమిదో జతలో మొదటి ఎనభై కిలోమీటర్లను భూకంపాలు వినడానికి కేంద్రానికి ఇచ్చారు. సముద్రం అడుగున నేల కదిలితే తీగ కదులుతుంది, తీగ కదిలితే దానిలోని వెలుగు చెబుతుంది. అంతవరకే అందరికీ తెలుసు. చేప గొంతు కూడా అందులో వినిపిస్తుందని, అంత చిన్న కదలికను హోరులోంచి వేరుచేసే పద్ధతి రత్నం రాసేదాకా, ఎవరూ అనుకోలేదు.

"మీ నాన్నగారిని ఒకసారి తీసుకురాగలవా?" అన్నారు ఇందుశేఖర్.

*

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైంది. రెండు నెలలు తెప్పలు ఇసుక మీదే ఉంటాయి. పని లేని దండాసి ఉతికిన చొక్కా తొడుక్కుని, చెప్పులు గుమ్మం బయట విడిచి కేంద్రంలోకి వచ్చాడు.

"ఇదేటమ్మీ, ఆసుపత్రిలాగ సల్లగుంది," అన్నాడు.

హెడ్‌ఫోన్లు పెట్టగానే ఆయన ముఖం మారిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. చేత్తో గాలిలో ఏదో తడుముతున్నట్టు కాసేపు విన్నాడు.

"గొరకలే. పిల్లలు కావు, ముదురువి. కింద బురద. బురద మీద సిన్న గుల్ల. ఇది పెద్దగెడ్డ మొగకి ఎదురుగా ఉండాల."

ఇందుశేఖర్ పటం చూసి తలెత్తారు. నలభై ఆరో కిలోమీటరు సరిగ్గా పెద్దగెడ్డ నది సముద్రంలో కలిసే చోటుకు ఎదురుగానే ఉంది. ఆ క్షణం నుంచి ఆయన దండాసిని 'మీరు' అనడం మొదలుపెట్టారు.

దండాసికి మాత్రం ఈ తీగ సంగతేమిటో తెలియాలి. రత్నం ఒక గాజుతీగ ముక్క తీసి, ఒక కొసలో ఎర్రదీపం వెలుగు పంపింది. తీగను వేలికి ఉంగరంలా చుట్టినా వెలుగు రెండో కొసలోనే చుక్కలా వెలిగింది.

"వంపు తిరిగినా బయటికి పోదేటి?"

"పోదయ్యా. నోపలి గోడకి మరీ ఏటవాలుగా తగిలితే దానికి బయటికెల్లే దారి ఉండదు. మళ్ళీ నోపలికే తిరుగుతాది. అలగ తగులుకుంటా తగులుకుంటా సముద్రం దాటిపోతాది."

"మరి సేప మాట మనకెలగ తెలుస్తాది?"

"ఎంత మంచి గాజులోనైనా కంటికి ఆనని గరుకు ఉంటాది. దానికి తగిలి రవ్వంత వెలుగు ఎనక్కి వొస్తాది. చప్పుడుకి తీగ సాగితే ఆ ఎనక్కొచ్చిన వెలుగులో తేడా పడతాది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో కొలిస్తే ఎంత దూరంలో సాగిందో తెలిసిపోతాది."

దండాసి ఆ ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "ఫైబరంటే మా తెప్పా ఫైబరే. దానికేటీ ఇనిపించదు," అని నవ్వాడు. తరవాత అన్నాడు, "అంటే ఇది పొడుగు తెడ్డు."

నిషేధం రెండు నెలలూ ఆయన రోజూ వచ్చాడు. ఏడాదిగా పోగుపడిన చప్పుళ్ళన్నీ వినిపించేవారు. కవ్వళ్ళనే చిన్న చేపల మంద కదిలితే వాన పడ్డట్టు, రొయ్యలు చిటపటమంటే నూనెలో ఆవాలు వేసినట్టు. ఒక్కోదానికి ఆయన పేరు చెప్పడం, రత్నం రాయడం. అలా మూడువందల చప్పుళ్ళకు పేర్లు పడ్డాయి. ఆ పేర్లతో యంత్రం నేర్చుకోవడం మొదలుపెట్టింది. మే చివరకు పది చప్పుళ్ళలో తొమ్మిదింటిని తనే గుర్తుపట్టింది. దండాసి తప్పు పట్టిన రోజున యంత్రానికి మళ్ళీ నేర్పేవారు. తన జీవితంలో మొదటిసారి చదువుకున్న వాళ్ళు తన మాట కోసం కలం పట్టుకు కూర్చోవడం ఆయనకు గమ్మత్తుగా ఉండేది. ఇంటికెళ్ళి భార్య పోలమ్మకు చెప్పి మురిసేవాడు.

ఒక చప్పుడు దగ్గర మాత్రం ఆయన ఆగిపోయాడు. అది కిందటి కార్తీకంలో రికార్డయింది. గొరకలదే, కానీ మామూలు బెకబెక కాదు. లోతుగా, తెరపి లేకుండా, ఒకే ఊపిరిలా సాగుతోంది.

"దీనికి పేరు రాయకమ్మీ."

"ఎందుకయ్యా?"

దండాసి హెడ్‌ఫోన్లు తీసేశాడు. "ఇది గుడ్డు కూత. కడుపుతో ఉన్నవన్నీ ఒక్కసోటికి సేరి కూస్తాయి. తొమ్మిది రోజులు. అప్పుడు దాని మీంచి తెప్ప ఎల్లినా కదలదు. సేత్తో తీసీయొచ్చు. అందుకే మావోళ్ళు ఆ తొమ్మిది రోజులు అక్కడ వల దించరు. అది ఎక్కడ కూస్తాదో పక్కూరోడికి కూడా సెప్పరు."

"అందుకే రాయాల," అంది రత్నం. "అదెక్కడో తెలిస్తే గవర్నమెంటు ఆ సోటికి ఎవరూ ఎల్లకుండా ఆపుతాది. సారు అదే రాస్తన్నారు రిపోర్టులో. నీ ఒక్కడి నోట్లో ఉంటే ఎవరాపుతారు?"

ఆ మాట నిజమే. ఇందుశేఖర్ రాస్తున్న నివేదికలో ఆరో అధ్యాయం పేరే 'సంతానోత్పత్తి స్థలాల రక్షణ'. రత్నం దాన్ని తండ్రికి చదివి తెలుగులో చెప్పింది.

దండాసి తెర వైపు తిరిగాడు. "మీ సారు మంచోడేనా?"

"మంచోరే."

"అయితే రాయి," అన్నాడు.

*

నివేదిక వెళ్ళింది. దానితోపాటు యంత్రం నేర్చుకున్నదంతా వెళ్ళింది. కేంద్రానికి నిధులిచ్చిన షరతుల్లోనే ఉంది, ఫలితాలను పరిశ్రమకు అందించాలని. తీరంలో చేపల ఎగుమతి చేసే ఒక కంపెనీ వాటిని తీసుకుంది. ఏడాది తిరిగేసరికి రేవులో, మందను ఒకేసారి వలతో చుట్టేసే రింగు బోట్లవాళ్ళ ఫోన్లలో ఒక పటం వచ్చింది. ఎక్కడ ఏ చేప ఉందో, కింద బురదో ఇసుకో గంటగంటకూ చూపించే పటం.

కేంద్రంలో మిఠాయిలు పంచారు. రత్నం ఫొటో పేపర్లో పడింది. పోలమ్మ ఆ పేపరు ముక్కను బియ్యం డబ్బా మూతకు అంటించింది.

ఆ కార్తీకంలో రేవులో గొరకలు గుట్టలు పోశారు. ఐసు చాలక కొన్ని కుళ్ళిపోయాయి. అటువైపు వెళ్ళిన గుల్లవానిపేట తెప్పలకు చేప లేని నీళ్ళు మిగిలాయి. మరుసటి వేసవికల్లా పేటలో సగం తెప్పలు ఇసుక మీంచి కదలడం మానేశాయి. రత్నం తమ్ముడు దానేసు అప్పటికి ఆరేళ్ళుగా ఏటా పడమటి తీరాన ఉన్న వీరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తున్నాడు. ఈసారి వెళ్ళలేదు.

"ఇక్కడ రేవులోనే రింగు బోటు దొరికిందయ్యా. అంతదూరం ఎందుకు ఎల్లడం?" అన్నాడు సంతోషంగా. అన్నాలు తింటూ జేబులోంచి ఫోను తీసి తండ్రికి చూపించాడు. "ఇది మా డ్రైవరు ఎక్కించినాడు. సూడు, ఈ ఎర్ర సుక్కల కాడికెల్లి వల ఇసిరీడమే. నొక్కితే పేరు కూడా వొస్తాది. ఇది కిందటి కార్తీకం సుక్క."

దండాసికి చదువు రాదు. "ఏటని రాసుంది?"

దానేసు అన్నం చెయ్యి దూరంగా పెట్టుకుని, ఎడమచేతి వేలితో నొక్కి చదివాడు. "గొరక. గుడ్డు కూత. మంద కదలదు."

దండాసి ముద్ద కలపడం ఆపాడు. "ఆ పేరు ఎవుడు సెప్పినాడు నీకు?"

"ఎవుడు సెప్పడమేటయ్యా? ఇందులో రాసుంది."

దండాసి కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపముంటే రత్నం తట్టుకునేది. లెక్క తప్పిందేమో మళ్ళీ చూసి చెప్పమన్నట్టు చూశాడు, అంతే. ఆమె కంచంలోకి తల దించుకుంది. ఆయన చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. "ఏటయినాది మీ అయ్యకి?" అంది పోలమ్మ.

మర్నాడు పొద్దున్నే రత్నం ఇందుశేఖర్ గదిలో నిలబడింది.

"ఆరో అధ్యాయం ఏమైంది సార్?"

"పంపాను. మూడుసార్లు గుర్తు చేశాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నివేదిక ఒక ఆఫీసుకి వెళ్ళింది రత్నం, సమాచారం ఇంకో ఆఫీసుకి వెళ్ళింది. రెండోవాళ్ళకు తీరిక ఉంది."

"ఆ ఒక్క పేరు తీసేయమనండి. గుడ్డు కూత ఒక్కటి."

"పేరు తీసేస్తే యంత్రం ఆ చప్పుడును మరిచిపోతుందా? ఇంకో పేరు పెట్టుకుంటుంది. అది ఇప్పుడు మనది కాదు. మన చేతిలో ఉన్నది తీగ ఒక్కటే."

ఆయన అబద్ధం చెప్పలేదు. అందుకే ఆమెకు మరీ చేదుగా అనిపించింది. తిట్టడానికి కూడా ఎవరూ లేరు ఆ గదిలో.

తండ్రి ఆ తరవాత కేంద్రం వైపు రాలేదు. ఇంట్లో కూతురితో మామూలుగానే మాట్లాడేవాడు, సముద్రం సంగతి తప్ప.

*

మళ్ళీ కార్తీకం వచ్చింది. మొదటి సాయంకాలం గుడ్డు కూత వినిపించినప్పుడు రత్నం గదిలో ఒంటరిగా ఉంది. కిందటేడుతో పోలిస్తే సగం కూడా లేదు. అయినా కూస్తున్నాయి. నలభై ఆరో కిలోమీటరు దగ్గరే.

మన చేతిలో ఉన్నది తీగ ఒక్కటే అన్నారు సారు. ఆమె ఆ మాటనే పట్టుకుంది.

వెలుగు శూన్యంలో నడిచినంత వేగంగా గాజులో నడవదు. ఎంత నెమ్మదిగా నడుస్తుందో చెప్పే అంకె ఒకటుంది. ఈ తీగకు అది ఒకటి పాయింట్ నాలుగు ఆరు ఎనిమిది. వెలుగు వెళ్ళి తిరిగిరావడానికి పట్టిన సమయాన్ని ఆ అంకెతో సరిచూస్తేనే దూరం తేలుతుంది. యంత్రం ఎంత గొప్పదైనా ఆ అంకె దానికి మనిషే చెప్పాలి. తీగ వేసిన రోజున చెప్పారు, మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. రత్నం దాన్ని చెరిపి ఒకటి పాయింట్ ఐదు ఏడు అని రాసింది. గాజు ఉన్నదానికన్నా చిక్కనిదని, వెలుగు ఇంకా నెమ్మదిగా నడుస్తోందని యంత్రం నమ్మింది. అంత సమయంలో అంత దూరం పోయి ఉండదని లెక్క కట్టింది. సముద్రం మొత్తం తెర మీద ఒడ్డు వైపు జరిగింది. నలభై ఆరులో కూస్తున్న మంద నలభై మూడులో కూస్తున్నట్టు పటంలోకి ఎక్కింది.

మూడు కిలోమీటర్లు చాలు. రింగు వల ఒకచోట చుట్టేసి తాళ్ళు లాగేది. మూడు కిలోమీటర్ల అవతల ఉన్న చేప దానికి దక్కదు.

తొమ్మిది రోజులు గడిస్తే చాలనుకుంది. తరవాత అంకె మళ్ళీ సరిచేస్తుంది. తమ్ముడు కూడా ఆ బోట్లలోనే ఉన్నాడని ఆమెకు గుర్తుంది. మహా అయితే వాడి వల ఖాళీగా లేస్తుంది, డ్రైవరు నాలుగు బూతులు తిడతాడు, అనుకుంది. తండ్రికి చెబుదామా అని ఒకసారి గుమ్మం దాకా వెళ్ళింది. పని పూర్తయ్యాక చెబితే బాగుంటుందని, ఆయన ముఖం అప్పుడు చూడాలని, ఆగిపోయింది.

నాలుగు రోజులు ఆమె అనుకున్నట్టే జరిగింది. రోజూ పొద్దున బోట్లు నలభై మూడు దగ్గర చేరడం, ఇంజన్లు అసహనంగా అటూ ఇటూ తిరగడం తీగలో వినపడేది. సాయంకాలం, బోట్లు వెళ్ళిపోయాక, నలభై ఆరు దగ్గర కూత మొదలయ్యేది. రోజురోజుకూ చిక్కబడేది. రత్నం రెండు చేతులతో హెడ్‌ఫోన్లు అదుముకుని వినేది. రెండేళ్ళలో ఆమె అంత హాయిగా ఉన్నది ఆ నాలుగు సాయంకాలాలే.

నాలుగో రోజు దానేసు ఇంటికొచ్చి అక్కతో, "పటం పిచ్చెక్కినట్టుందప్పా. సుక్క కాడికెల్తే సేప నేదు," అన్నాడు.

"ఈ మధ్య తీగ సరిగా పనిచెయ్యడం నేదురా. నాలుగు రోజులు ఇంటికాడ ఉండిపో."

"ఎలగ ఉండిపోతాను? వల ఇంకా కిందకి దించాలంతన్నాడు డ్రైవరు. కింద బురదేనని పటంలో ఉంది, బయమేటి నేదు."

ఆ మాట ఆమె విన్నది. విన్నది గానీ, పటంలో చేపతోపాటు సముద్రం అడుగు కూడా జరిగిందన్న సంగతి ఆ క్షణాన ఆమె మనసుకు తట్టలేదు. బురద నలభై ఆరు దగ్గరిది. నలభై మూడు దగ్గర ఏముందో ఆమెకు తెలియదు.

ఐదో రోజు ఉదయం ఏడున్నరకు ఆమె తెర ముందు కూర్చుంది. మూడు ఇంజన్లు. ఒకటి వల చుట్టి ఆగింది. తాడు లాగే మర తిరగడం మొదలైంది. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు, సన్నగా మొదలై ఒకే శ్రుతిలో సాగుతుంది. ఆ రోజు అది సాగలేదు. మూలగడం మొదలుపెట్టింది. అడుగున ఏదో బండను గోకుతున్న చప్పుడు, మర మూలుగు పెరిగి పెరిగి, ఒక్కసారిగా తుపాకి పేలినట్టు ఒక దెబ్బ. తరవాత ఆ ఇంజను ఆగిపోయింది. కాసేపటికి మిగిలిన రెండు ఇంజన్లు దాని దగ్గరికి పరుగెత్తి అవి కూడా ఆగాయి.

తొమ్మిదింటికి ఫోను మోగింది. సముద్రం అడుగున రాతిపారకు వల తట్టుకుందని, లాగుతుంటే తాడు తెగిందని, తెగిన తాడు కొస దానేసు ఛాతీకి తగిలిందని బోటులోని మనిషి చెప్పాడు. ఒడ్డుకు తెస్తున్నామన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయి, "మీ అయ్యని రమ్మనండి," అని పెట్టేశాడు.

*

దానేసు పోయిన మూడో రోజు చిన్నదినం. పేటంతా సముద్రం ఒడ్డున ఉంది. దానేసు పెళ్ళి ఫాల్గుణంలో చెయ్యాలనుకున్నారు. పిల్ల తరపు వాళ్ళు దూరంగా నిలబడ్డారు. పోలమ్మను ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారు. దండాసి నడుముల్లోతు నీళ్ళలో ఉన్నాడు.

అప్పుడు దూరంగా బోట్లు కనిపించాయి. వరసగా ఐదు, రేవు వైపు వెళ్తున్నాయి. అంచులు నీళ్ళకు తాకేంత బరువుగా, నెమ్మదిగా వెళ్తున్నాయి. వాటి మీద పక్షులు మేఘంలా తిరుగుతున్నాయి.

"గొరకలు," అన్నారు ఎవరో మెల్లగా.

రత్నానికి అర్థమైంది. ఎవరో అంకె సరిచేశారు.

ఆమె వారం తరవాత కేంద్రానికి వెళ్ళింది. ఇందుశేఖర్ తలుపు దగ్గరగా వేసి, ఆమెను కూర్చోమన్నారు.

"మన తీగ చివర ఎనభైయో కిలోమీటరు దగ్గర ఉండాలి. కంపెనీ వాళ్ళు పటం తప్పిందని గోల పెడితే చూశాను. డెబ్బై ఐదు దగ్గర ఉంది. తీగ కుంచించుకుపోదు కదా."

ఆమె నోరు తెరిచింది.

"వద్దు," అన్నారాయన. "ఎవరు మార్చారని నేను అడగడం లేదు. నువ్వు చెప్పకు. చెబితే నేను రాయాలి. రాస్తే నీ గతేమిటో, ఈ కేంద్రం గతేమిటో నీకు తెలుసు. వేడికి పరికరం గతి తప్పిందని రాశాను, సరిచేశామని రాశాను. బోటు ప్రమాదం డ్రైవరు అజాగ్రత్త అని వాళ్ళు రాసుకున్నారు."

"డ్రైవరు తప్పు లేదు సార్."

"తెలుసు."

ఆమెను కాపాడారో, తనను తాను కాపాడుకున్నారో ఆయనకు కూడా తెలిసినట్టు లేదు. రత్నం ఆ బల్లకు ఇవతల కూర్చుని, ఎవరైనా తనను ఒక్క మాట అడిగితే బాగుండునని ఎదురుచూసింది. ఎవరూ అడగలేదు. ఆ డ్రైవరును మాత్రం పనిలోంచి తీసేశారు.

ఆ తరవాతి కార్తీకంలో తొమ్మిది రోజులూ ఆమె తీగ ముందు కూర్చుంది. అలల హోరు, దూరాన ఓడలు, రొయ్యల చిటపట. నలభై ఆరు దగ్గర ఏమీ లేదు. ముప్ఫై నుంచి ఎనభై దాకా వెతికింది, మరుసటి నెల కూడా వెతికింది. యంత్రం ప్రతి సాయంకాలం ఐదున్నరకు ఒకే మాట రాసేది, 'గొరక: గుర్తింపు లేదు' అని. చేప లేని పటం ఎవరికి కావాలి? కంపెనీ ఒప్పందం ముగించుకుని, ఇంకో తీరానికి, ఇంకో కేబులుకి వెళ్ళిపోయింది. అక్కడ నేర్పనవసరం లేకుండానే యంత్రం మొదటి రోజు నుంచే పని చేసిందని విన్నది రత్నం.

*

ఆమె తండ్రికి చెప్పింది మార్గశిరంలో ఒక మధ్యాహ్నం. దండాసి తెప్ప నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆ వలకు పెద్దగా పని లేదు. చేతులు ఊరికే ఉంచుకోలేక చేస్తున్నాడు.

ఆమె పక్కన ఇసుకలో కూర్చుని మొదటి నుంచీ చెప్పింది. అంకె సంగతి, వెలుగు సంగతి, సముద్రాన్ని మూడు కిలోమీటర్లు జరిపిన సంగతి. తాడు తెగిన చప్పుడు తను విన్నానని చెప్పింది. ఏడవకుండా చెప్పింది. ఎలాగైనా చివరిదాకా చెప్పాలని కూర్చుంది.

దండాసి మధ్యలో ఆపలేదు. వల కన్నాలు ముడి వేస్తూనే విన్నాడు. ఆమె ఆపేశాక కూడా రెండు ముడులు వేశాడు.

"ఎంత దూరం అన్నావు, ఇవతలికి?"

"మూడు కిలోమీటర్లు."

ఆయన సముద్రం వైపు చూశాడు. పెదాలు కదుపుతూ ఏదో కొలుచుకున్నాడు.

"అక్కడ రాయుంది. ఏనుగు రాయని అంతాం. మా తాత వల అక్కడే పోనాది, మా అయ్యదీ అక్కడే పోనాది." గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు ముందరే నాకు సెప్పుంటే, ఆ పక్కకి తోలకమ్మీ, రాయుంది, అని సెప్పీవోణ్ణి."

ఆయన ఆమె వైపు చూడలేదు. కొట్టినా, తిట్టినా, ఇసుకలో తల కొట్టుకున్నా ఆమె భరించేది. ఆయన వలను మోకాలి మీంచి తీసి, జాగ్రత్తగా మడత పెట్టాడు. లేవడానికి తెప్ప అంచు పట్టుకున్నాడు. ఆమె సాయం చెయ్యబోతే చేతిని పక్కకు తీసుకున్నాడు.

"మీ యమ్మకి ఈ మాట సెప్పకు," అన్నాడు. "దానికింక నువ్వొక్కదానివే."

ఆయన వల భుజాన వేసుకుని పేట వైపు నడిచాడు. రత్నం చాలాసేపటి తరవాత ఇంటికి వెళ్ళింది. పోలమ్మ వంటింట్లోంచి, "ఇంతసేపూ ఎక్కడికెల్లినావే, అన్నం సల్లారిపోనాది," అంటూ కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది. కూతురు మొదటి ముద్ద తినేదాకా ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది.